బురద మిగిలిన నాడు

మా వాడకు చెరువు ఎండాకాలంలోనే దక్కేది. వైశాఖంలో నీళ్లు అడుగంటి, వలలోళ్లు పెద్ద చేపలు పట్టుకపోయినంక "లూటీ" అని కేకేసేవాళ్లు. అమ్మా నేనూ మోకాటిలోతు బురదలో దిగి చేతులతో దేవేవాళ్లం. కొర్రమట్ట పైగాలి పీల్చుకుంటది, అందుకే నీళ్లింకినా బురదలో బతుకుతది. అదే చెరువు నిండినప్పుడు ఊరి రేవులో మమ్మల్ని కాలు పెట్టనిచ్చేవాళ్లు కాదు.

1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టింది ఈ నిండు చెరువు కోసమేనని డిగ్రీలో చదివినంక తెలిసింది.

ఇప్పుడు బడిలో కాకతీయుల చెరువుల పాఠం చెప్తున్న. రామప్ప, పాకాల పేర్లున్నయి. మట్టి మోసినోళ్ల పేర్లు లేవు. 2016లో కొర్రమట్టను తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన్రు. దాన్ని బురదలోంచి తీసిన అమ్మ చేతుల గురించి ఏ పాఠంలో చెప్పాలె?