పుల్లరి నుంచి కూలిగింజల దాకా

పల్నాటి చరిత్ర అనగానే మా విద్యార్థులు బ్రహ్మనాయుని చాపకూడు దగ్గర మొదలుపెడతారు. కులభేదం లేకుండా ఒకే చాపమీద భుజించారనే ఆ గాథ గొప్పదే. అయితే ఆ కూటికి ధాన్యం పండించినవానికి పంటలో ఎంత దక్కిందో గాథ చెప్పదు. ఆ సంగతి సూటిగా అడిగిన నవల ‘మాలపల్లి’. అది పుట్టడానికి పల్నాటి పుల్లరి పోరాటమే కారణమైంది.

1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వులయ్యాయి. తరతరాలుగా పశువులు మేసిన చోటికే రైతు పుల్లరి కట్టవలసివచ్చింది. 1921లో మాచర్ల, గురజాల ప్రాంతాల రైతులు కట్టమన్నారు. అధికారులను సాంఘికంగా బహిష్కరించారు. 1922 ఫిబ్రవరిలో కాంగ్రెసు కార్యవర్గం బార్డోలీలో శాసనోల్లంఘనను ఆపివేస్తూ, జమీందార్లకు శిస్తు ఎగవేయడం కాంగ్రెసు తీర్మానాలకు విరుద్ధమని కూడా ప్రకటించింది. (ఈ రెండో మాటను పాఠ్యగ్రంథాలు తరచు దాటేస్తాయి.) ఆ నెలలోనే మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలయ్యాడు.

సర్కారు ఎదుట నిలిచింది గనుక మంద ఉన్న మోతుబరీ, రెండు మేకలున్న పేదా ఒక పక్షమయ్యారు. మోతుబరికీ పాలేరుకూ మధ్య లెక్క మాత్రం తేలలేదు. పల్నాటి ఉద్యమంలో అరెస్టయిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైల్లో ఆ లెక్కే తీశాడు. యుద్ధకాలంలో ధాన్యం ధర పెరిగింది. నవలలోని ఆసాములు గింజల కూలి మాన్పి డబ్బు కూలి ఇవ్వజూస్తారు. పైకి ఇది చిన్న మార్పు. కాని ధర రెట్టింపైతే కూలివాని కుంచెడు గింజల విలువా రెట్టింపవుతుంది. డబ్బు కూలిలో ఆ పెరుగుదలంతా గాదె ఉన్నవానికే పోతుంది. కూలీల పక్షాన నిలిచిన సంగదాసును చౌదరయ్య చంపుతాడు. సోదరుడు వెంకటదాసు ధనికులను దోచి పేదలకు పంచుతాడు. ఆ ఘట్టాలకన్న కూలి తగాదాకే నేను ఎక్కువ విలువనిస్తాను. దోచి పంచినది నాలుగు రోజుల్లో అయిపోతుంది. కూలి రేటు ప్రతి కోతకూ ఎదురవుతుంది. నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఆనకట్ట ప్రజాధనంతో లేచింది, రాళ్ళు మోసింది కూలీలు. కుడికాలువ కింద పెరిగిన భూమి విలువ పట్టాదారుకు చేరింది. ఈ అర్ధశతాబ్దిలో మిరప ధర, కోతకూలి ఏ పాళ్ళలో పెరిగాయో పల్నాట ఊరూరా తిరిగి లెక్కగట్టడం మన విద్యార్థులు ఈ వేసవిలోనే చేయగల పని.