ఉప్పుగాలిలో ఉక్కు

విశాఖలో ఇనుముకు సముద్రపు గాలే తొలి శత్రువు. 1933లో ఇక్కడ ఓడరేవు తెరుచుకుంది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సంస్థ నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ ఓడ నీట దిగింది. ఉక్కు ఓడలున్న చోట తుప్పు గీకే పనీ, రంగు వేసే పనీ తప్పవు.

గాలిలోని ఉప్పు తేమను పీల్చి ఇనుము మీద పలుచని నీటిపొరను నిలుపుతుంది. ఆ పొరలో విద్యుత్తు సులువుగా పారుతుంది, తుప్పు వేగం పుంజుకుంటుంది.

దీనికి విరుగుడు రెండు శతాబ్దాల నాటిది. 1824లో శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బ్రిటిష్ ఓడల రాగి తొడుగును కాపాడేందుకు జింకు, ఇనుము ముక్కలు బిగించి చూశాడు. ఆ సూత్రంతోనే నేటికీ ఓడల అడుగున జింకు దిమ్మలు తాము అరిగిపోతూ ఉక్కును నిలబెడుతున్నాయి.

అయితే జింకు దిమ్మ నీటిలో మునిగి ఉంటేనే పనిచేస్తుంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవలు ముగించి, 2002 నుంచి ఆర్కే బీచ్ ఇసుకపై మ్యూజియంగా నిలిచిన 91 మీటర్ల ‘కురుసుర’ జలాంతర్గామికి రంగుపూతే ప్రధాన రక్ష.

బీచ్ రోడ్డు కార్లకూ అంతే. తుప్పును ఎమరీ పేపర్‌తో మెరిసే లోహం కనిపించేదాకా రుద్ది, వెంటనే జింకు ప్రైమర్, ఆపై రంగు వేయాలి. అడుగుభాగాన్ని మంచినీటితో తరచూ కడగాలి. తలుపుల కింద నీరు కారే రంధ్రాలు పూడిపోతే తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది.