నిండిన గోదాములు, బోసిపోయిన అరలు

కెనడా వాళ్లకు అమెరికా దుకాణాల సంస్థ టార్గెట్ కొత్త పేరు కాదు. సరిహద్దు దాటి అమెరికా వెళ్లినప్పుడల్లా కారు డిక్కీ నిండా దాని సంచులతో తిరిగొచ్చిన కుటుంబాలు ఎన్నో. ఆ కంపెనీ తమ ఊళ్లకే వస్తోందని 2011 జనవరిలో తెలిసినప్పుడు వాళ్ల సంబరం ఇంతా అంతా కాదు.

కెనడాలోని జెల్లర్స్ అనే గొలుసు దుకాణాల లీజుల కోసం టార్గెట్ 182.5 కోట్ల కెనడా డాలర్లు పోసింది. అంత సొమ్ము ఇరుక్కున్నాక ఖాళీ దుకాణాలకు అద్దె కడుతూ కూర్చోలేరు. 2013 మార్చిలో మొదటి తలుపులు తెరిచి, ఏడాది తిరక్కుండానే 124 దుకాణాలు నిలబెట్టారు. ఆ తొందరే కొంప ముంచింది.

అమెరికాలో ఏళ్ల తరబడి దిద్దుకున్న సాఫ్ట్‌వేర్‌కు కెనడా డాలర్లు, ఫ్రెంచి అక్షరాలు కొరుకుడు పడవని ఎస్‌ఏపీ అనే మరో సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకున్నారు. వ్యవస్థ మంచిదే, కానీ వివరాలన్నీ కొత్తగా నింపాలి. సుమారు 75,000 రకాల సరుకులు. ఒక్క బొమ్మ పెట్టెకే ఎన్ని గడులు! పొడవు, వెడల్పు, ఎత్తు, ఒక్కో అట్టపెట్టెలో ఎన్ని, ధర ఏ కరెన్సీలో, బార్‌కోడ్ అంకెలు. నింపినవాళ్లలో చాలామంది కొత్తగా చేరిన కుర్రవాళ్లు. సరఫరాదారు పంపిన అంకెను అనుమానించే అనుభవం లేదు, సరిచూసే వ్యవధి ఎవరూ ఇవ్వలేదు. సెంటీమీటర్లు ఉండాల్సిన చోట అంగుళాలు పడ్డాయి. వెడల్పు గడిలో పొడవు కూర్చుంది.

తెర మీద అంకె అంకెలాగే ఉంటుంది. తప్పు బయటపడేది గోదాములో, అర దగ్గర. అనుకున్న చోట పెట్టె పట్టలేదు. గోదాములు కిక్కిరిశాయి, దుకాణంలో అరలు బోసిపోయాయి. గరిసె నిండా ధాన్యం, కంచంలో మెతుకు లేదు. అమెరికాలో 98, 99 శాతం సరిగ్గా ఉండే వివరాలు ఇక్కడ సుమారు 30 శాతమే సరిగ్గా ఉన్నాయని తర్వాత పత్రికల్లో వచ్చింది.

నన్ను ఎక్కువగా కలచివేసేది మరొకటి. అయిపోయిన సరుకును దానంతటదే తెప్పించే ఏర్పాటు ఆ వ్యవస్థలో ఉంది. దాన్ని ఆపేస్తే ఆ సరుకు ‘స్టాకు లేదు’ లెక్కలోకి రాదు. పై అధికారులకు వెళ్లే నివేదికలో శాతం బాగుండాలని కొందరు ఉద్యోగులు దాన్ని ఆపుతూ వచ్చారని ఆ కథనాలే చెప్పాయి. వాళ్లను దొంగలనడానికి నాకు నోరు రాదు. వాళ్ల పనితీరును తూచింది ఆ శాతంతోనే. ఖాళీ అర చూసి ఒక తల్లి వట్టి చేతులతో వెళ్లిపోతోంది, నివేదికలో మాత్రం అర నిండుగా ఉంది. నిర్ణయం తీసుకోవాల్సినవాళ్ల బల్ల మీదికి చేరింది ఆ నివేదికే.

తర్వాత ఉద్యోగులు కూర్చుని వివరాలను వరస వరసగా సరిచూశారు. 2014 చివరికి లెక్కలు చాలావరకు కుదుటపడ్డాయి. కానీ అప్పటికే జనం మనసు విరిగింది. 2021 దాకా లాభం కనబడదని తేల్చుకుని, 2015 జనవరి 15న కంపెనీ చేతులెత్తేసింది. ఏప్రిల్ 12న చివరి దుకాణాలు మూతపడ్డాయి. మొత్తం 133 దుకాణాలు, దాదాపు 17,600 మంది ఉద్యోగులు.