కర్రా మైదానంలో ఐరిష్ డెర్బీ

కిల్డేర్ కౌంటీలో కర్రా అనే పెద్ద పచ్చిక మైదానం ఉంది. మన చేతికర్ర కాదండి! ఐరిష్ భాషలో గుర్రాలు పరిగెత్తే చోటు అని ఆ మాటకు అర్థం చెబుతారు. సెయింట్ బ్రిజిడ్ తన దుప్పటి కప్పినంత నేల ఇమ్మని రాజుని అడిగిందట. రాజు నవ్వి సరే అన్నాడు. దుప్పటి మైదానమంతా పరుచుకుంది! నాకు వెంటనే వామనుడు, బలి చక్రవర్తి గుర్తుకొచ్చారు.

అక్కడ 1866 నుంచి ఐరిష్ డెర్బీ జరుగుతోంది. మూడేళ్ల గుర్రాలకే ఈ పందెం. దూరం 1872 నుంచి మైలున్నర. ఇంగ్లండ్ డెర్బీ ముందు చాలా ఏళ్లు ఇది చిన్నదే. 1962లో జో మెగ్రాత్ దీన్ని ఆస్పత్రుల కోసం పెట్టిన స్వీప్‌స్టేక్ లాటరీతో కలిపారు. బహుమతి బాగా పెరిగింది, బయటి దేశాల మంచి గుర్రాలు వచ్చాయి. కానీ టికెట్ల డబ్బులో ఆస్పత్రులకు చేరింది చిన్న భాగమే. మా గుడిలో హుండీ లెక్క నా సేవ. ఒక్క యూరో తేడా వచ్చినా మళ్లీ మొదటినుంచి లెక్కపెడతాం. అందుకే ఇది చదివి కోపం వచ్చింది. లాటరీ 1987లో ఆగిపోయింది. పందెం ఆగలేదు.

1981లో షెర్గార్ గెలిచింది. (మగ గుర్రమే, అయినా తెలుగులో "గెలిచాడు" అనకూడదట. మా అక్క దిద్దింది.) 1983 ఫిబ్రవరిలో, కర్రా దగ్గరే ఉన్న బాలిమనీ ఫారం నుంచి ముసుగు మనుషులు తుపాకులతో వచ్చి దాన్ని ఎత్తుకుపోయారు. మళ్లీ దొరకలేదు. మా పక్కింటి పెద్దాయన ఆ పేరు వింటే ఇప్పటికీ తల అడ్డంగా ఊపి, టీ చల్లారిపోతోంది తాగమంటారు.