‘ఐ.పి. పెట్టడం’: సికింద్రాబాదు నేపథ్యంలో వ్యక్తిగత దివాలా

అప్పులు తీర్చలేక చేతులెత్తేసిన మనిషిని గురించి తెలుగునాట ‘ఐ.పి. పెట్టాడు’ అంటారు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే మాటలోని ఈ రెండు పొడి అక్షరాలు కోర్టు గడప తొక్కనివారి నోట కూడా నుడికారంగా స్థిరపడ్డాయి. ‘దివాలా తీశాడు’ అంటే వ్యాపారం మునిగిందని అర్థం. ‘ఐ.పి. పెట్టాడు’ అన్నప్పుడు మాత్రం అప్పులవాళ్ళకు ఎగనామం పెట్టాడన్న అనుమానమూ ధ్వనిస్తుంది. రక్షణగా పుట్టిన దరఖాస్తు నిందగా ఎలా మారిందన్నది పరిశీలించదగిన విషయం.

మూడవ అసఫ్‌జా సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన సికింద్రాబాదు నేల నిజాముది, పాలన బ్రిటిషువారిది. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం బ్రిటిష్ ఇండియాకు ఉద్దేశించినది. ఈ ఊరు సాంకేతికంగా దాని వెలుపలిది. బ్రిటిష్ ఇండియా శాసనాలు ఇక్కడికి ప్రత్యేక ఉత్తర్వుల ద్వారానే రావలసి ఉండేది. హుస్సేన్‌సాగర్‌కు అటు హాలీ సిక్కా, ఇటు కల్దారు. ఒకే బాకీని రెండు నాణేలలో లెక్కగట్టవలసి వచ్చేది: నూరు కల్దార్లకు దాదాపు 116 హాలీ రూపాయలు. దండు ఊరు కావడం వల్ల మరొక చిక్కు ఉంది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సైనికుని జీతం జప్తుకు లోబడదు. సిపాయికి అరువిచ్చిన దుకాణదారుకు ఆ జీతం మీద చేయి వేసే వీలు లేదు. అతడు సరుకు తెచ్చుకున్న షావుకారుకు మాత్రం ఇతని దుకాణం అందుబాటులోనే ఉండేది.

1920 చట్టం 10వ సెక్షను ప్రకారం అప్పులు తీర్చలేని స్థితిలో ఉన్న వ్యక్తి మూడు సందర్భాలలో తానే అర్జీ పెట్టుకోవచ్చు: బాకీలు 500 రూపాయలకు చేరినప్పుడు, డిక్రీ అమలులో అరెస్టయినప్పుడు, లేదా ఆస్తి మీద జప్తు ఉత్తర్వు అమలులో ఉన్నప్పుడు. నివాసమో వ్యాపారమో ఉన్న చోటి న్యాయస్థానమే అతనిది. దివాలాదారుగా ప్రకటించాక ఆస్తి కోర్టుకో రిసీవరుకో దఖలు పడుతుంది. అప్పులవాళ్ళు కోర్టు అనుమతి లేకుండా విడిగా వసూలుకు దిగరాదు. రుణదాత ఇ.పి. వేస్తే రుణగ్రస్తుడు ఐ.పి.తో బదులివ్వడం అలా మొదలైంది. జైలు తలుపుకూ ఇంటికీ మధ్య నిలిచిన కాగితం అది.

అనుమానానికీ ఆధారం లేకపోలేదు. ఆస్తిని ముందే బంధువుల పేర రాసి, ఖాళీ చేతులతో కోర్టుకు రావచ్చునని శాసనకర్తలే ఊహించారు. దివాలాకు ముందు రెండేళ్లలో ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీలను, చివరి మూడు నెలల్లో ఒక్క రుణదాతకే మేలు చేసే చెల్లింపులను రద్దు చేసే వీలు కల్పించారు. అసలు విముక్తి మాత్రం తర్వాతి మెట్టు. దివాలాదారుగా ప్రకటన పొందినవాడు గడువులోగా డిశ్చార్జికి దరఖాస్తు చేయకపోతే ఆ ప్రకటనే రద్దవుతుంది. డిశ్చార్జి పొందినా ప్రభుత్వ బాకీలూ మోసం వల్ల కలిగిన బాకీలూ పోవు. ‘ఐ.పి.తో అప్పు ఎగిరిపోతుంది’ అన్న జనాభిప్రాయం ఈ రెండో మెట్టును గమనించలేదు.

2016 నాటి దివాలా స్మృతి మూడవ భాగం వ్యక్తుల కోసం కొత్త మార్గాన్ని ప్రతిపాదించింది. ఏడాదికి 60,000 రూపాయలకు మించని ఆదాయం, 20,000కు మించని ఆస్తి, 35,000కు మించని అర్హమైన అప్పు, సొంత ఇల్లు లేకపోవడం వంటి షరతులపై కొత్త ఆరంభానికి అవకాశం చూపింది. 2019 డిసెంబరు 1న అది కార్పొరేట్ రుణాలకు పూచీ పడిన వ్యక్తుల మేరకే అమలులోకి వచ్చింది. కోట్ల అప్పుకు హామీ సంతకం చేసినవారికి కొత్త స్మృతి, చిల్లర దుకాణదారుకు 1920 నాటి చట్టం! ఆనాడు బరువైన మొత్తమైన 500 రూపాయల హద్దు అందులో అలాగే మిగిలింది.