పలుగురాయి, ఫాళిగ, పటిక

మా ఊరి పేరు వెనుక కుండలీకరణాల్లో ‘ఎస్’ ఎందుకని మిత్రులు తరచుగా అడుగుతుంటారు. పాత నల్లగొండ జిల్లాలో ఆత్మకూరులు రెండు ఉండేవి. సూర్యాపేట పక్కనున్నది కనుక మాది ఆత్మకూర్ (ఎస్). 2016 అక్టోబరులో సూర్యాపేటే జిల్లా కేంద్రమయింది. ఆ అక్షరం మాత్రం మమ్మల్ని వదలలేదు.

మా చేలల్లో పలుగురాళ్ళకు కొదవ లేదు. దుక్కి దున్నినప్పుడల్లా తెల్లగా పైకి తేలతాయి. ఏరి గట్టు మీద పారేస్తాం. చిన్నతనంలో చీకటి పడ్డాక రెండు రాళ్ళను గట్టిగా రాపిడి చేసి, లోపలి నుండి మిణుకుమనే వెలుగును చూసి, ఆ కమురు వాసన పీల్చి సంబరపడేవాళ్ళం. మా నాయనమ్మ మెడలోని స్ఫటికమాల కూడా ఆ రాయేనని నాకు చాలాకాలం తెలియదు.

మా నేల అడుగున ఉన్నవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు, నైస్ శిలలు. వాటి పగుళ్ళలోకి సిలికా కరిగిన వేడినీరు చొరబడి, చల్లారి, చారలుగా గట్టిపడితే పలుగురాయి అయింది. పెరుగుతున్నప్పుడు లోపల చిక్కుకున్న అతి సూక్ష్మమైన నీటి బిందువులే దాని తెలుపునకు కారణం. ఖాళీ చోటు, తీరిక రెండూ దొరికినప్పుడు అదే పదార్థం ఆరు పలకల స్తంభమై, మొనదేలి, నీటిచుక్క వలె పారదర్శకమవుతుంది. దానినే స్ఫటికమంటున్నాం. అందులో రవ్వంత ఇనుము చేరి, చుట్టుపక్కల శిలల సహజ రేడియోధార్మికత తగిలితే ఊదారంగు అమెథిస్టు అవుతుంది. కులం ఒక్కటే, అవకాశాలు వేరు.

తెలుగునేల మీద ఈ రాతి చరిత్ర వెదికితే మనం ముందుగా ఆగవలసిన చోటు భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వినప్పుడు మూడు రాతి కరండాలు, వాటిలో స్ఫటికపు పేటికలు వెలువడ్డాయి. కరండాల మీది బ్రాహ్మీ శాసనాలను బ్యూలర్ చదివాడు. అవి క్రీస్తుకు రెండు మూడు శతాబ్దాల ముందటివని పండితుల అంచనా. ఒక శాసనంలో కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు కలిసి బుద్ధుని ధాతువులు ఉంచడానికి మంజూషను, స్ఫటికపు పెట్టెను చేయించారని ఉన్నది. రాజు కాదు, ఒక కుటుంబం! అందులో స్ఫటికానికి వాడిన ప్రాకృత రూపం ‘ఫాళిగ’. మనం అంగట్లో కొనే ‘పటిక’ కూడా స్ఫటిక శబ్దానికి తద్భవమే. అయితే పటిక నీటిలో కరుగుతుంది, స్ఫటికం కరగదు. పేరు పంచుకున్నా గుణం పంచుకోలేదు.

మాకు దగ్గరలోని ఫణిగిరి బౌద్ధక్షేత్రంలోనూ తవ్వకాలలో రాతిపూసలు, గాజుపూసలు దొరికాయి. 2024లో 3,730 సీసపు నాణేలున్న కుండ బయటపడినప్పుడు పత్రికలన్నీ నాణేల గురించే రాశాయి. నా మనసు మాత్రం పూసల మీదికే పోయింది.

పూస చేయడం తేలిక కాదు. మోస్ కొలమానంలో స్ఫటికం కాఠిన్యం 7. ఉక్కు కత్తికి లొంగదు. దానికంటె గట్టిదైన కురువిందపు పొడితో ఓపికగా అరగదీయాలి. రంధ్రం వేయడానికి మన ప్రాచీన పనివారు వజ్రపు మొన గల బరమాలు వాడారు. ఆ నునుపు రాతిది కాదు, మనిషి ఓపికది.

ఇక నా అపరాధం చెప్పుకోవాలి. అసలైన స్ఫటికం అగ్నికి చెదరదని ఎవరో అనగా విని, నాయనమ్మ పోయిన ఏడాది, ఆమె మాలలోని ఒక పూసను పొయ్యి మీద బాగా కాచి చన్నీళ్ళలో వేశాను. ‘టప్’మన్నది. లోపల వెంట్రుకంత బీట. స్ఫటికం వేడికి వ్యాకోచిస్తుంది, హఠాత్తుగా చల్లారితే పగులుతుంది. ఆ పూస అసలైనదే, పరీక్షే తప్పు. చేతిలో పట్టుకుంటే గాజు కంటె చల్లగా ఉండటం, లోపల గుండ్రని గాలిబుడగలు లేకపోవడం చూసినా కొంత తెలిసేది.

ఇప్పుడు ఆ మాలను గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు వేసి కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, విడిగా గుడ్డసంచిలో ఉంచుతున్నాను. రవ్వలు, కెంపులు గీతలు పెడతాయి కనుక వాటితో కలపను. ఇంటి దుమ్ములోనూ పలుగు రేణువులుంటాయి కాబట్టి పొడిగుడ్డతో రుద్దను. అమెథిస్టు ఉన్నవారు ఎండలో ఎక్కువసేపు ఉంచకండి, రంగు వెలిసిపోతుంది.

బీటవారిన పూసను తీసేయమన్నారు. తీయలేదు. కురుని తల్లి పేరేమిటో ఆ శాసనంలో లేదు, కొడుకు పేరుతోనే మిగిలింది. మా నాయనమ్మకు ఆ శాసనం కూడా లేదు. ఆ మాల తప్ప నా దగ్గర ఆమె గుర్తు మరొకటి లేదు, అందులో బీట నా సంతకం.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి పూసలు ఉండే ఉంటాయి. పరీక్షించే ముందు, అవి ఎవరి మెడలో ఉండేవో ఒకసారి అడిగి తెలుసుకోండి.