సర్పి

నడుముకు ఒక పక్కన, చర్మం మీద ఇంకా ఏమీ కనిపించకముందే, చొక్కా తగిలినా భగ్గుమంటుంది. రెండు మూడు రోజులకు ఎర్రటి మచ్చలు, వాటి మీద గుత్తులుగా నీటిపొక్కులు తేలతాయి. దీన్నే సర్పి అంటారు. పాకడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు ‘సృప్’ నుంచే సర్పమూ పుట్టింది. డాక్టర్లు రాసే హెర్పిస్ జోస్టర్‌లో మొదటి మాటకు గ్రీకులో ఉన్న అర్థమూ పాకడమే. జోస్టర్ అంటే నడికట్టు.

పేరులోనే పాము ఉంది కాబట్టి, పొక్కులు ఒంటిని చుట్టి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందని ఊళ్లలో భయం. అది నిజం కాదు. ఎప్పుడో వచ్చి తగ్గిన ఆటలమ్మ వైరస్ నరాల మూలంలో దాగి, ఏళ్ల తర్వాత లేచి, ఆ నరం వెంటే పాకుతుంది. అందుకే పొక్కులు సాధారణంగా ఒంటి మధ్యగీత దాటవు. 7 నుంచి 10 రోజుల్లో పక్కు కడతాయి, 2 నుంచి 4 వారాల్లో మానతాయి. కొందరికి, ముఖ్యంగా పెద్దవాళ్లకు, నొప్పి మాత్రం నెలల తరబడి వదలదు.

బాధాకరమేమిటంటే, పొక్కులు తేలిన మొదటి 72 గంటల్లో మొదలుపెడితేనే ఎసైక్లోవిర్ లాంటి మందులు బాగా పనిచేస్తాయి. పాము భయంతో సర్పికి మంత్రం వేయించడంలో గడిచిపోయేది ఆ సమయమే. నుదుటి మీదో కంటి దగ్గరో వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.